అప్పు మునిగినప్పుడు నష్టం ఎవరిది?

సంధానకర్త: నమస్కారం. అప్పు, వడ్డీల గురించి మతాలు చెప్పిన మాటలు నేటి ఆర్థిక జీవితానికి ఎంతవరకు పనికొస్తాయన్నది ఈనాటి చర్చ. మత గ్రంథాలను అధ్యయనం చేసిన ఆచార్యులు, ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు మనతో ఉన్నారు. ఆచార్యా, మతాలన్నీ వడ్డీని నిషేధించాయన్న మాట నిజమేనా?

ఆచార్యులు: అన్నీ నిషేధించలేదండి. ఖురాన్ రెండో అధ్యాయం 275వ వాక్యం వ్యాపారాన్ని అనుమతించి, అప్పు మీద అదనంగా పుచ్చుకునే రిబాను నిషేధించింది. యూదుల ధర్మగ్రంథం తోరా సాటి యూదుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంటూనే పరదేశి దగ్గర తీసుకోవడానికి ఒప్పుకుంది. 1179లో క్రైస్తవ మతాధికారులు జరిపిన మూడో లాటరన్ సభ బాహాటంగా వడ్డీ వ్యాపారం చేసేవారికి క్రైస్తవ ఖననాన్ని కూడా నిరాకరించింది. మనుస్మృతి వడ్డీని అనుమతించింది గానీ, ఒకేసారి వసూలు చేసే మొత్తం అసలుకు రెట్టింపును దాటకూడదని హద్దు పెట్టింది. అయితే, నా దృష్టిలో వడ్డీ రేటు కన్నా పెద్ద ప్రశ్న మరొకటుంది: బాకీదారుడు చితికిపోయినప్పుడు ఆ నష్టాన్ని ఎవరు మోయాలి?

అధ్యాపకురాలు: ఆ ప్రశ్నను నేనూ కాదనను. కానీ ఆ గ్రంథాలు ఎక్కువగా దృష్టిలో పెట్టుకున్నది ఆకలి తీర్చుకోవడానికి చేయి చాచే పేదవాణ్ణి. ఈనాడు లాభం కోసం అప్పు చేసే కంపెనీ ఉంది, ఆ అప్పుకు మూలధనం సమకూర్చే చిన్న పొదుపుదారుడున్నాడు, అతని డబ్బు విలువను ధరల పెరుగుదల ఏటా తినేస్తోంది. పైగా దయతో చేసిన నియమం కూడా బెడిసికొట్టవచ్చు. ఏడో ఏట బాకీలు మాఫీ చేయాలని తోరా శాసిస్తే, ఆ గడువు దగ్గరపడేకొద్దీ పేదలకు అప్పు పుట్టకుండా పోయింది. అందుకే హిల్లెల్ అనే యూదు గురువు, బాకీలను న్యాయస్థానానికి అప్పగించి మాఫీ నుంచి మినహాయించే ప్రొజ్బుల్ పత్రాన్ని ప్రవేశపెట్టాడు.

సంధానకర్త: మరి ఇస్లామిక్ బ్యాంకులు వడ్డీ లేకుండానే నడుస్తున్నాయి కదా?

అధ్యాపకురాలు: వాటిలో ఎక్కువగా కనిపించే మురాబహా పద్ధతిలో, ఖాతాదారుడికి కావలసిన యంత్రాన్ని బ్యాంకు తానే కొని, ముందే చెప్పిన లాభం కలిపి వాయిదాల మీద అతనికి అమ్ముతుంది. బ్యాంకు ఆ యంత్రానికి కాగితం మీద కాసేపు మాత్రమే యజమానిగా ఉంటే, ఖాతాదారుడికి అది మామూలు అప్పుకు భిన్నంగా కనిపించదు.

ఆచార్యులు: ఆ విమర్శ న్యాయమైనదే, ముస్లిం పండితులలోనూ చాలామంది అదే అంటున్నారు. లాభనష్టాలు రెండింటినీ పంచుకునే ముషారకానే వారు ఆదర్శంగా చూపుతారు. బాకీదారుడు ఇబ్బందుల్లో ఉంటే కోలుకునేదాకా గడువివ్వమని, వదిలేస్తే ఇంకా మేలని ఖురాన్ రెండో అధ్యాయంలోనే 280వ వాక్యం చెబుతుంది.

తోరాలోని ద్వితీయోపదేశకాండం మరీ దగ్గరగా చూసింది. తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదు, ఎందుకంటే అది ఆ ఇంటి బతుకుతెరువు. తాకట్టు వస్తువు కోసం అప్పిచ్చినవాడు ఇంట్లోకి జొరబడకూడదు, వీధిలోనే నిలబడాలి, బాకీదారుడే దాన్ని బయటికి తెచ్చివ్వాలి. పేదవాడి పైబట్ట తీసుకుంటే పొద్దుగూకేలోగా తిరిగిచ్చేయాలి, అతను అది కప్పుకునే నిద్రపోవాలి కనుక. బాకీదారుడి ఫోన్‌లోని పేర్లన్నీ లాగేసుకుని బంధుమిత్రులకు సందేశాలు పంపే అప్పుల యాప్‌లు ఆ గడప దాటేసి లోపలికి వచ్చినట్టే. వడ్డీని సమర్థించేవారు కూడా దీన్ని సమర్థించలేరు.

అధ్యాపకురాలు: అందులో నాకు రెండో మాట లేదు. లెక్క కూడా చూద్దాం. లక్ష అప్పు మీద నెలకు నూటికి మూడు వడ్డీ అనుకుంటే, నెలనెలా ఆ మూడు వేలే కట్టినవాడు మూడేళ్లలో 1,08,000 చెల్లిస్తాడు, అసలు మాత్రం లక్షకు లక్షా అలాగే ఉంటుంది. మనుస్మృతి హద్దు ఒకేసారి వసూలు చేసే మొత్తానిదే కాబట్టి, నెలనెలా పిండుకునే ఈ పద్ధతిని అది ఆపలేకపోవచ్చు.

సంధానకర్త: అయితే ఏ నియమం మారాలంటారు?

ఆచార్యులు: ఉద్యోగం పోయిందనో జబ్బు చేసిందనో రుజువు చూపినవారికి గడువు ఇవ్వడమే కాదు, ఆ గడువులో వడ్డీ పెరగకుండా ఆగిపోవాలి. వాయిదాను వెనక్కి జరిపి, ఆ నెలల వడ్డీని అసలులో కలిపితే భారం పెరుగుతుందే తప్ప ఊరట కలగదు.

అధ్యాపకురాలు: ఆ ఖర్చును రుణదాతే భరించాలంటే, దాన్ని మొదటి రోజే అప్పు తీసుకునే అందరి వడ్డీ రేటులో కలుపుకోవడానికి చూస్తాడు. అందుకు నేను ఒప్పుకుంటాను. అందరూ కొంచెం కొంచెం మోస్తే తేలికపడే భారాన్ని, కూలిపోయిన ఒక్క ఇంటి మీద మోపడం కన్నా అదే న్యాయం.