గెడ్డలో (వాగులో) నురగ కనిపిస్తే ముందు ఏం చెయ్యాలి: లాయర్ సినిమా చూసి నేర్చుకున్న పని

నమస్తే అండి అందరికీ, రాయగడ నుంచి మాట్లాడుతున్నా. మొన్న మా బాబాయికి డార్క్ వాటర్స్ సినిమా చూపించాను, 2019లో వచ్చింది, పక్కనే కూర్చుని డైలాగులు తెలుగులో చెప్తూ. సినిమా అయిపోయాక కోర్టు సీన్ల గురించి ఒక్క ముక్క అడగలేదు ఆయన, "ఒరే, ఆ రైతు అన్నేసి టేపులు ఎప్పుడు తీశాడ్రా" అన్నాడు, అంతే, గమ్మున ఉండిపోయాడు. ఎందుకంటే రెండేళ్ళ కింద వానాకాలంలో బాబాయి పొలం పక్క గెడ్డలో తెల్లగా నురగ కట్టింది, ఆ నీళ్ళు తాగిన రెండు దూడలు వారంలో పోయాయి, పైన ఉన్న ఒక ఫ్యాక్టరీకి వెళ్ళి అడిగితే అది మాది కాదన్నారు. మా దగ్గర ఒక్క ఫోటో లేదు. ఏ తారీఖో కూడా ఎవరికీ గుర్తులేదు.

ఆ సినిమా నిజంగా జరిగిన కథే. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో విల్బర్ టెనెంట్ అని ఒక రైతు, ఆయన ఆవులు వందకి పైగా చచ్చిపోయాయి, పక్కనే డ్యూపాంట్ కంపెనీ చెత్త పోసే స్థలం, దాని మీంచి వచ్చే వాగు నీళ్ళే అవి తాగేవి. ఎవరూ పట్టించుకోకపోతే తనే కెమెరా పట్టుకుని నురగని తీశాడు, చచ్చిన ఆవుని కోసి లోపల ఎలా ఉందో కూడా తీశాడు. 1998లో రాబ్ బిలాట్ అనే లాయర్‌కి ఫోన్ చేశాడు, చూడండి, ఈ బిలాట్ అప్పటిదాకా కెమికల్ కంపెనీల తరఫున పనిచేసిన మనిషి, ఆ టేపులు చూశాకే కేసు తీసుకున్నాడు. అంటే లాయర్ రాకముందే సగం పని రైతు చేసి పెట్టాడు, నేను ఇవాళ చెప్పేది ఆ సగం గురించే.

ఇదిగో ఈ నోట్‌బుక్, పది రూపాయల లాంగ్ నోట్‌బుక్ చాలు. తారీఖు, టైం, నీళ్ళ రంగు, వాసన, గాలి ఎటు కొడుతుంది, పక్కన ఎవరున్నారు, ఇవి అదే రోజు రాయండి, తెలుగులోనే రాయండి పర్లేదు, ఆఫీసుకి ఇచ్చే అర్జీ ఎలాగూ ఒడియాలోనో ఇంగ్లీషులోనో పెట్టాలి. ఫోన్‌లో వీడియో తీసినప్పుడు ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచండి, వాట్సాప్‌లో పంపి గ్యాలరీలోంచి డిలీట్ చేసేస్తారు చాలామంది, దయచేసి ఆ పని చెయ్యొద్దు, క్వాలిటీ పోతుంది, లోపల ఉండే వివరాలూ పోతాయి. కోర్టులో ఆ ఫైల్‌కి భారతీయ సాక్ష్య అధినియం, అంటే సాక్ష్యాల చట్టం, 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జతచెయ్యాలి, అది లాయర్ చూసుకుంటారు, కానీ ఫైల్ ఉండాలి కదా.

ఇప్పుడు నీళ్ళు. దీంట్లోనే అందరం తప్పు చేస్తాం, నురగ ఉన్నచోట ఒక బాటిల్ నింపి ల్యాబ్‌కి పంపేస్తాం, అప్పుడు కంపెనీ వాళ్ళు ఏమంటారు, పైనుంచే అలా వచ్చింది అంటారు. అందుకే రెండు బాటిళ్ళు. ఒకటి ఫ్యాక్టరీ గొట్టం కలిసే చోటుకి పైన, ఇంకోటి కింద, ఒకే రోజు, ఒకే పూట. ఇదిగో చూడండి, ముందు ఆ గెడ్డ నీళ్ళతోనే బాటిల్‌ని మూడుసార్లు కడిగా, మూతి నీళ్ళలో ముంచి అంచుదాకా నింపా, గాలి బుడగ లేకుండా నీళ్ళలోనే మూత పెట్టా. లేబుల్ వేసి ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు పంపాలి, బీఓడీ టెస్ట్, అంటే నీళ్ళలో కుళ్ళే మురికి ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చూసేది, ఆలస్యమైతే లెక్క మారిపోతుంది. ఫ్యాక్టరీ నీళ్ళు వాగులోకి వదలాలంటే బీఓడీ మామూలుగా లీటర్‌కి 30 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చూసే కొలత, 5.5 నుంచి 9 మధ్య ఉండాలి, కొన్ని పరిశ్రమలకి వేరే లెక్కలు ఉన్నాయి.

ఒక మాట సూటిగా చెప్తా, ఈ బాటిల్ రిపోర్ట్‌తో ఫ్యాక్టరీకి శిక్ష పడిపోదు. 1974 వాటర్ యాక్ట్ ప్రకారం పొల్యూషన్ బోర్డు వాళ్ళే వచ్చి, ఫ్యాక్టరీకి నోటీస్ ఇచ్చి, శాంపిల్‌ని రెండు భాగాలు చేసి సీల్ వేస్తేనే ఆ చట్టం కింద సాక్ష్యం అవుతుంది. మన రిపోర్ట్ బోర్డు వాళ్ళని గట్టు మీదకి రప్పించడానికి.

ఈలోపు 10 రూపాయలు కట్టి ఆ బోర్డుకి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు అర్జీ, పెట్టండి, ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన కన్సెంట్ ఆర్డర్ (నడుపుకోవడానికి బోర్డు ఇచ్చిన అనుమతి), దాంట్లో పెట్టిన షరతులు, గత మూడేళ్ళ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, ఈ మూడూ అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బిలాట్ గెలిచింది కూడా కాగితాలతోనే, కోర్టు ఆర్డర్‌తో కంపెనీ నుంచి లక్షా పదివేల పేజీలు తెప్పించి, ఆఫీసులో నేల మీద కూర్చుని తారీఖుల వారీగా సర్దుకున్నాడు, నాన్‌స్టిక్ పెనాలకి పూసే టెఫ్లాన్ తయారీలో తాము వాడే కెమికల్ ప్రమాదమని కంపెనీకి ఎప్పట్నుంచో తెలుసన్న సంగతి అందులోనే దొరికింది. ఆ తర్వాత దాదాపు 69,000 మంది పరీక్ష కోసం రక్తం ఇచ్చారు, ఆ కెమికల్‌కి ఆరు జబ్బులతో సంబంధం ఉందని 2012కల్లా తేలింది, 3,500కి పైగా కేసులకి కలిపి 67 కోట్ల డాలర్ల పరిహారం 2017లో కుదిరింది. సినిమా రెండు గంటలు, అసలు కథ 19 ఏళ్ళు.

మనకి గ్రీన్ ట్రిబ్యునల్, అంటే పర్యావరణ కేసులు చూసే కోర్టు, ఉంది, లాయర్ లేకుండా మనమే నిలబడి చెప్పుకోవచ్చు. నాగావళి నది మన ఒడిశాలో ఉన్నంతవరకు కోల్‌కతా బెంచ్, అదే నీళ్ళు బోర్డర్ దాటి పార్వతీపురం వైపు వెళ్తే చెన్నై బెంచ్, అర్జీ రాసేముందు ఇది చూసుకోండి. గడువు కూడా ముఖ్యం: కాలుష్యం ఆపించమని అడగడానికి 6 నెలలు, నష్టపరిహారానికి 5 ఏళ్ళు, మొదట సమస్య వచ్చిన రోజు నుంచి లెక్క.

ఈ 5 ఏళ్ళ సంగతి చెప్పగానే బాబాయి లేచి లోపలికెళ్ళాడు, పిన్ని రేషన్ కార్డు పెట్టే కవర్ మొత్తం మంచం మీద గుమ్మరించాడు. అందులో పశువుల డాక్టర్ రాసిచ్చిన చీటీ ఉంది, నాలుగు మడతలు పెట్టి, ఒక మూల తడిసి ఇంకు చెదిరిపోయింది, కానీ తారీఖు, దూడ వయసు, కింద స్టాంపు స్పష్టంగా ఉన్నాయి. దాన్నే నోట్‌బుక్ మొదటి పేజీలో పెట్టాం, జిగురు రాయకుండా ప్లాస్టిక్ కవర్లో వేసి. వచ్చే వీడియోలో ఆర్టీఐ ఫారం మీ ముందే నింపి చూపిస్తా.