గదులు ఖాళీ అయినప్పుడు: హోటల్ ఓనర్, ఆపరేటర్ మధ్య ఏం జరగాలి?

యాంకర్: నమస్కారం. హోటల్ కట్టేది ఒకరు, నడిపేది ఇంకొకరు. గదులు నిండుతున్నంతకాలం ఇద్దరికీ బాగానే ఉంటుంది. 2020లో కోవిడ్ వచ్చి తలుపులు మూసేసరికి అసలు చిక్కు బయటపడింది. సార్, ఓనర్‌గా మీ బాధేంటి?

ఓనర్: సూటిగా చెప్తాను. ఆపరేటర్‌కి బేస్ ఫీజు మొత్తం ఆదాయం మీద వస్తుంది, లాభం ఉన్నా లేకపోయినా. బ్యాంకు కిస్తీ, ఆస్తి పన్ను, బీమా నావే, జీతాలకు డబ్బు చాలకపోతే అదీ నేనే వెయ్యాలి. నెలాఖరుకు ఒక రిపోర్టు పంపి "ఇంత పంపండి" అంటే ఒళ్లు మండదా మేడమ్?

ఆపరేటర్: మండుతుంది, కాదనను. కానీ ఆదాయం పడిపోతే మా బేస్ ఫీజూ పడిపోతుంది, ఇన్సెంటివ్ ఫీజు లాభం మీద కాబట్టి అది మొత్తంగా పోతుంది. సంక్షోభంలో నెల రిపోర్టు పనికిరాదని మాకూ తెలిసొచ్చింది. రాబోయే 13 వారాల్లో చేతికొచ్చేదెంత, పోయేదెంత అని లెక్క వేసి, ప్రతి వారం ఓనర్‌తో కూర్చుని సరిచూసుకోవాలి. ఏ అంతస్తు మూద్దాం, ఏ రెస్టారెంట్ ఆపుదాం, ఎవరిని ఉంచుకుందాం అన్నవి ఆ లెక్క ముందు పెట్టుకుని మాట్లాడితే సగం గొడవ ఉండదు.

యాంకర్: రిజర్వు నిధిని ముట్టుకోవచ్చా?

లాయర్: ఫర్నిచర్, సామగ్రి మార్చడానికి ఆదాయంలో కొంత పక్కన పెడతారు, చాలా ఒప్పందాల్లో 4 శాతం దాకా ఉంటుంది. 2020లో కొన్ని పెద్ద బ్రాండ్లు దాన్ని రోజువారీ ఖర్చులకు వాడుకోనిచ్చాయి, రెనొవేషన్ గడువులూ పొడిగించాయి. మంచి పని. అయితే తీసింది ఎప్పటిలోగా తిరిగి నింపాలో రాసుకోకపోతే తర్వాత అదే తగాదా అవుతుంది. ఫోన్లో "సరేలెండి" అనుకుంటే చాలదు, ఫలానా తేదీ వరకే అని చిన్న సవరణ పత్రం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అప్పిచ్చిన బ్యాంకు అనుమతి కావాలేమో ముందే చూసుకోండి.

ఓనర్: మరి ఫీజు సంగతి?

ఆపరేటర్: కొంత వాయిదా వేసుకోగలం సార్. బదులుగా పెర్ఫార్మెన్స్ టెస్ట్‌లో, అంటే ఒప్పందంలోని లక్ష్యాలను మేం అందుకున్నామా అని చూసే లెక్కలో, ఆ ఏడాదిని కలపకండి. ఇంకోటి, అనుభవమున్న హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌నీ చెఫ్‌నీ పోగొట్టుకుంటే మళ్లీ తెరిచిన రోజున అలాంటివాళ్లు దొరకరు. వాళ్ల జీతాలైనా ఆపకండి.

ఓనర్: వారం వారం లెక్క నా ముందు పెట్టండి మేడమ్, వాళ్ల జీతాలు నేను వేస్తాను.