టీ కొట్టు దగ్గర ఏం రాసుకోవాలి?
(సామాజిక మానవశాస్త్రంలో పరిశోధనా మాస్టర్స్ చేయాలనుకునే విద్యార్థులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది ఎంఏ చివరి సెమిస్టర్‌లో ఉన్నారు. పీహెచ్‌డీకి ముందు పరిశోధనలో చెయ్యి తిరగడానికి మనకు ఎంఫిల్ ఉండేది. 2022 నాటి యూజీసీ నిబంధనలతో అది ఆగిపోయింది. బ్రిటన్‌లో ఎంరెస్ (మాస్టర్ ఆఫ్ రీసెర్చ్) పేరుతో అలాంటి చదువు ఇంకా ఉంది. మామూలుగా ఏడాది. పరిశోధన పద్ధతుల మీదే ఎక్కువ శిక్షణ, చివర్లో డిసర్టేషన్. పీహెచ్‌డీ సీటుకి దారి అని చాలామంది చేరతారు. దారే, కాదనను. కానీ ఆ ఏడాదంతా అప్లికేషన్ల టెన్షన్‌లోనే గడిచిపోతే అసలు పని చేజారుతుంది. చూసింది చూసినట్టు రాసుకోవడం అలవాటు కావాల్సింది అప్పుడే.

టీ కొట్ల దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి మీరంతా వినే ఉంటారు. ఊళ్లోకి వెళ్లొచ్చి ఆ రాత్రి నోట్సులో ‘టీ కొట్టులో వివక్ష కనిపించింది’ అని రాశారనుకోండి. ఆర్నెల్ల తర్వాత ఆ వాక్యం మీకే పనికిరాదు. గ్లాసులు ఎక్కడ పెట్టారు, తాగాక ఎవరి గ్లాసు ఎవరు కడిగారు, బెంచీ మీద ఎవరు కూర్చున్నారు, ఖాళీ ఉన్నా నిలబడే తాగిందెవరు, డబ్బులు చేతికిచ్చారా, బల్ల మీద పెట్టారా... ఇవి రాయాలి. ఇప్పుడు పేపర్ కప్పులొచ్చాయి, అందరికీ ఒకటే కప్పు. వివక్ష పోయిందా మరి? బెంచీ దగ్గర ఏం జరుగుతోందో మొదటి రోజు నుంచీ రాసుకున్నవాళ్లే ఆ ప్రశ్న వేయగలరు. ప్రపోజల్‌లో రాసుకెళ్లిన ప్రశ్న ఊళ్లో మారిపోతుంది. మారనివ్వండి.

సామాజిక మానవశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలో, తాను రాంపుర అని పేరు పెట్టిన ఊళ్లో ఉండి పనిచేశారు. ఏళ్ల తరబడి సర్దుకున్న ఆ నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో, ఉన్న కాపీలతో సహా కాలిపోయింది. జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన రాసిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ 1976లో వచ్చింది. చూశారా, జ్ఞాపకం చాలు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. రోజూ రాసి, రాసింది పదేపదే తిరగేసిన మనిషికి కాబట్టే అంత గుర్తుంది.

ఇంకొకటి, మీరెవరన్నది. మన ఊళ్లలో మీరు నోరు తెరిచేలోపే వాళ్లు అడుగుతారు, ‘మీరేమిట్లు?’ అని, అంటే మీ కులమేంటని. ఆ జవాబును బట్టే మిమ్మల్ని అరుగు మీద కూర్చోబెడతారా, వంటింటి దాకా రానిస్తారా అన్నది తేలిపోతుంది. మధ్యాహ్నం వాడలో భోంచేస్తే సాయంత్రం ఊళ్లో ఎవరి మొహం మారిందో కూడా రాసుకోండి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆదిలాబాద్ గోండుల దగ్గర పనిచేసింది 1940లో కుమురం భీమ్‌ను చంపేశాక, నిజాం ప్రభుత్వం అండతో. అక్కడి గోండుల ఊరు మార్లవాయి వాళ్లు ఆయన్ని సొంత మనిషిలా చూసుకున్నారు. ఆయన భార్య బెట్టీ సమాధి అక్కడే ఉంది. ఆ ప్రేమ నిజం. ఆయన వెనక ప్రభుత్వం ఉందన్నదీ నిజమే. రెండూ కలిపి చదవాలి.

ఎథిక్స్ అనుమతి, అంటే మీ పరిశోధన వల్ల అక్కడి మనుషులకు హాని ఉండదని చూసి యూనివర్సిటీ ఇచ్చే అనుమతి, లేకుండా ఫీల్డ్‌కి పంపరు. దాన్ని తలనొప్పిగా చూడొద్దని నా మనవి. కాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి. సంతకం అడిగితే జంకుతారు. నోటిమాటగా ఎందుకు సమ్మతి తీసుకుంటున్నారో ఫారంలో వివరంగా రాయండి.

టాపిక్ కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. ఉస్మానియా నుంచి మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే బృందం వెళ్లి చూసిన షామీర్‌పేట ఇక్కడే, హైదరాబాద్ శివార్లలో ఉంది. ఆ ఊరి మీద దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ పుస్తకం 1955లో వచ్చింది. ఇప్పుడు ఆ ఊరి పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు. పొలాలు ఎవరు అమ్మారు, ఎవరి వాటా ఎంత, అమ్మినవాళ్ల పిల్లలు ఏం చేస్తున్నారు, భూమే లేనివాళ్లు ఎటు పోయారు? ఇందులో ఒక్క ప్రశ్న పట్టుకున్నా ఏడాదికి సరిపడా పని. పుస్తకం చదివి, బస్సెక్కి ఒకసారి వెళ్లి రండి. ప్రపోజల్ ఆ తర్వాత రాద్దురుగాని.