మెక్‌డేవిడ్‌కి తక్కువైంది కప్పు కాదు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పూట హాకీ గురించి మాట్లాడుకుందాం. ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు, మంచు మీద ఆడే హాకీ, కెనడా వాళ్ళు ప్రాణం పెట్టుకునే ఐస్ హాకీ. మన తెలుగు ఊళ్ళలో ఈ ఆట కనిపించదు, కానీ మన పిల్లలు చాలామంది ఇప్పుడు టొరంటోలోనో కాల్గరీలోనో ఎడ్మంటన్‌లోనో ఉంటున్నారు కాబట్టి ఫోన్లలో ఈ మాటలు మన ఇళ్ళలోకి కూడా వచ్చేస్తున్నాయి. నాకు ఈ పిచ్చి పట్టించింది మా తమ్ముడే. వాడుండేది కాల్గరీ. ఆ ఊరికీ ఎడ్మంటన్‌కీ హాకీలో అస్సలు పడదు. అందుకే ఎడ్మంటన్ జట్టు కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్ పేరెత్తితే చాలు, వాడు ఒకటే మాట అంటాడు: "కప్పు లేకుండా గొప్పవాడేంటి అన్నయ్యా?"

ఆ మాటకు జవాబు చెబుదామనే ఈ ప్రసంగం. ఇంతవరకు వచ్చిన గొప్ప సెంటర్లందరినీ వరసలో నిలబెడితే మెక్‌డేవిడ్‌ని ఎక్కడ నిలబెట్టాలి?

ముందు సెంటర్ అంటే ఎవరో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మంచు మీద ఒక్కో జట్టుకు గోలీ, అంటే గోల్ ముందు నిలబడి అడ్డుకునేవాడు, కాకుండా ఐదుగురు ఉంటారు. ఇద్దరు వెనక కాపలా, ముగ్గురు ముందు. ఆ ముగ్గురిలో మధ్యవాడు సెంటర్. ఆట మొదలయ్యేటప్పుడు పక్ కోసం, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ కోసం, ఎదురెదురుగా వంగి నిలబడేది అతనే, ఎదుటి గోల్ మీదికి దాడి నడిపేది అతనే, దాడి తిరగబడితే వెనక్కి పరిగెత్తి తన గోల్ ముందు కాపలా కాసేదీ అతనే. అందుకే ఈ ఆటలో పెద్ద పేర్లు చాలావరకు సెంటర్లవే. ఇంకొక్కటి, పాయింటు అంటే గోల్ కొట్టినా పాయింటే, గోల్‌కి పాస్ ఇచ్చినా పాయింటే. ఇంత తెలిస్తే చాలు.

లెక్కల్లోకి వద్దాం. వేన్ గ్రెట్స్‌కీ అనే ఆయన 1985-86లో ఒక్క సీజన్‌లో 215 పాయింట్లు చేశాడు. మెక్‌డేవిడ్ అత్యధికం 153, అది 2022-23లో. ఎక్కడి 215, ఎక్కడి 153 అని అక్కడితో వదిలేసేవాళ్ళున్నారు. అలా వదిలేయకూడదు. గ్రెట్స్‌కీ రోజుల్లో ఒక ఆటలో రెండు జట్లూ కలిపి దాదాపు 8 గోల్స్ పడేవి. మెక్‌డేవిడ్ ఈ లీగ్‌లో, అంటే కెనడా, అమెరికా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్‌లో, అడుగుపెట్టిన 2015లో ఐదున్నర కూడా పడటం లేదు. గోలీలు మారారు, వాళ్ళ ప్యాడ్లు మారాయి, మోకాళ్ళ మీద వాలి గోల్ కింది భాగమంతా మూసేసే పద్ధతి అందరికీ వచ్చేసింది, షాట్లకు అడ్డంగా పడుకోవడం ప్రతి ఆటగాడికీ మామూలైపోయింది.

మరి ఎలా పోల్చాలి? నేను ఒక్కటే అడుగుతాను. ఆ ఏడాది రెండో వాడు ఎక్కడున్నాడు? కాలం ఏదైనా కానివ్వండి, అదే మంచు, అవే నియమాలు, అవే జట్లు. అందులో మొదటివాడికీ రెండోవాడికీ మధ్య ఎంత దూరం ఉందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

1985-86లో గ్రెట్స్‌కీ 215. రెండో వాడు ఎక్కడున్నాడు? మారియో లెమ్యూ, 141. తర్వాతి ఏడాది గ్రెట్స్‌కీ 183, రెండో వాడు 108. ఆ రెండో వాడు యారీ కురీ, గ్రెట్స్‌కీ పక్కనే ఆడినవాడు. ఇది మనిషి చేసే పనేనా అనిపిస్తుంది నాకు. కాబట్టి ఒకటో స్థానం గురించి వాదనే లేదు, గ్రెట్స్‌కీ.

రెండోది లెమ్యూ. 1993 జనవరిలో ఆయనకు హాడ్జ్‌కిన్స్ అనే క్యాన్సర్ అని తేలింది. మార్చి 2న చివరి రేడియేషన్ చేయించుకుని, అదే రోజు రాత్రి ఫిలడెల్ఫియాలో ఆడి గోల్ కొట్టాడు. అదే రోజు రాత్రి! ఆ సీజన్‌లో ఆడింది 60 ఆటలే, చేసింది 160 పాయింట్లు. రెండో వాడు పాట్ లాఫాంటైన్ 84 ఆటలు ఆడి 148 దగ్గర ఆగాడు.

ఇప్పుడు మెక్‌డేవిడ్. కోవిడ్ వల్ల 56 ఆటలకు కుదించిన 2020-21 సీజన్‌లో 105 పాయింట్లు. రెండో వాడు ఎక్కడున్నాడు? 84. తర్వాత 153 చేసిన ఏడాది రెండో వాడు 128. ఈ రెండుసార్లూ రెండోవాడు ఒక్కడే, లియాన్ డ్రైసైటిల్, మెక్‌డేవిడ్ జట్టువాడే. ఆ 153లో ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా ఎవరూ అందుకోని ఎత్తు ఉంది, 1995-96లో లెమ్యూ చేసిన 161 తర్వాత అంత పెద్ద సంఖ్య అదే. గ్రెట్స్‌కీ అంత దూరం వెళ్ళలేదు, ఒప్పుకుంటాను, కానీ గ్రెట్స్‌కీ, లెమ్యూ ఇద్దరినీ పక్కన పెడితే తన కాలాన్ని ఇంతగా వెనక వదిలేసిన సెంటర్‌ని నేను చూడలేదు.

ఇక కప్పు సంగతి. స్టాన్లీ కప్, లీగ్ విజేతకిచ్చేది. మా తమ్ముడి మాట.

2024 జూన్‌లో ఫైనల్. ఎడ్మంటన్ ఆయిలర్స్, ఫ్లోరిడా పాంథర్స్. ఏడు ఆటల్లో నాలుగు గెలిచినవాళ్ళది కప్పు. మొదటి మూడూ ఫ్లోరిడా గెలిచేసింది. ఇంకొక్కటి పోతే అయిపోయినట్టే. ఫైనల్లో 0-3 నుంచి లేచి కప్పు గెలిచిన జట్టు చరిత్రలో ఒక్కటే, 1942లో టొరంటో. అక్కడి నుంచి ఏం జరిగిందో వినండి. నాలుగో ఆట ఎడ్మంటన్‌లో, 8-1తో గెలిచారు, మెక్‌డేవిడ్‌కి నాలుగు పాయింట్లు. ఐదో ఆటకు ఫ్లోరిడా వెళ్ళారు. అక్కడ కప్పు సిద్ధంగా ఉంది, వాళ్ళ జనం సంబరానికి వచ్చి కూర్చున్నారు. ఎడ్మంటన్ 3-1తో ముందుంది. ఫ్లోరిడాకి పెనాల్టీ పడి వాళ్ళకు ఒక మనిషి తక్కువ. మెక్‌డేవిడ్ పక్ తీసుకుని వాళ్ళ మధ్యలోకే వెళ్ళాడు. పక్కనుంచి తిరిగి వెళ్ళొచ్చు, పాస్ ఇచ్చి ఆగొచ్చు, అవేవీ చేయలేదు, అడ్డం వచ్చిన వాళ్ళ మధ్య ఉన్న ఆ కాస్త సందులోంచే పక్‌తో సహా దూరిపోయి గోల్ ముందుకు వచ్చేశాడు. అంత దూరం వచ్చినవాడు తనే కొడతాడనుకుంటాం. కొట్టలేదు. అవతలి వైపు నిలబడ్డ కోరీ పెర్రీకి తోశాడు. 39 ఏళ్ళ పెర్రీ దాన్ని ఊరికే లోపలికి నెట్టాడు. అంతే, 4-1. ఆ పది సెకన్లు నేను ఎన్నిసార్లు చూశానో, చూసినప్పుడల్లా ఆ సందు ఎక్కడుందో నాకు కనిపించేలోపే అతను అందులోంచి వెళ్ళిపోయి ఉంటాడు.

ఫ్లోరిడా ఊరుకోలేదు, 4-3 దాకా వచ్చింది. చివర్లో గోలీని తీసేసి ఇంకో మనిషిని దించితే ఖాళీ గోల్‌లోకి మెక్‌డేవిడే కొట్టి 5-3 చేశాడు. ఆ రాత్రి కూడా నాలుగు పాయింట్లు. ఫైనల్లో వరుసగా రెండు ఆటల్లో నాలుగేసి పాయింట్లు అతనికి ముందు ఎవరూ చేయలేదు, గ్రెట్స్‌కీ కూడా. ఆరో ఆట 5-1తో గెలిచారు, 3-3 అయింది. ఏడో ఆట 2-1తో పోయింది. చేతికందింది నోటికి అందలేదు.

ఆ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ అయ్యాక కప్పు కోసం ఫైనల్ దాకా జరిగే పోటీల్లో, అతనివి 25 ఆటల్లో 42 పాయింట్లు, అందులో 34 అసిస్టులు, అంటే గోల్‌కి ఇచ్చిన పాస్‌లు. ఒక ప్లేఆఫ్స్‌లో గ్రెట్స్‌కీ పేరున ఉన్న 31 అసిస్టుల రికార్డు అలా పోయింది. ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ ఓడిన జట్టులోని మెక్‌డేవిడ్‌కే ఇచ్చారు. గోలీలను మినహాయిస్తే, ఓడిన జట్టువాడికి ఆ ట్రోఫీ దక్కడం 1976లో రెజీ లీచ్ తర్వాత అదే. పేరు పిలిచారు. అతను మంచు మీదికి రాలేదు, లోపల తన జట్టుతోనే ఉండిపోయాడు. కొందరు తప్పుపట్టారు. నేను పట్టను. కప్పు కోసం వచ్చినవాడికి ఆ క్షణంలో ఇంకే ట్రోఫీ అయినా చేదుగానే ఉంటుంది.

ఆరు, ఏడు ఆటల్లో అతనికి ఒక్క పాయింటూ రాలేదు కదా అంటారు. నిజమే, రాలేదు. కానీ ఆరో ఆట అతని పాయింట్లు లేకుండానే 5-1తో గెలిచారే! ఈ ఆటలో గంటసేపు పోరు జరిగితే అతను మంచు మీద ఉండేది 22 నిమిషాల దాకా. మిగతా 38 నిమిషాలూ బెంచి మీద కూర్చుని చూడాల్సిందే. గోలీ మాత్రం అరవై నిమిషాలూ ఉంటాడు. కప్పు ఇరవై మంది కలిసి గెలిచేది, లేదా ఇరవై మంది కలిసి పోగొట్టుకునేది.

దీనికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం గ్రెట్స్‌కీయే. ఎడ్మంటన్‌లో ఆయన నాలుగు కప్పులు గెలిచాడు, 1984, 85, 87, 88. ఆ జట్టులో మార్క్ మెసియర్, కురీ, పాల్ కాఫీ, గ్రాంట్ ఫ్యూర్, అందరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కినవాళ్ళే. 1988 ఆగస్టులో ఆయన్ని లాస్ ఏంజలెస్‌కి ఇచ్చేశారు. తర్వాత ఆయనకు ఒక్క కప్పూ రాలేదు. ఎడ్మంటన్ మాత్రం 1990లో ఆయన లేకుండానే ఇంకో కప్పు గెలిచింది! మరి 1988 తర్వాత గ్రెట్స్‌కీ గొప్పతనం తగ్గిందా? తగ్గిందని ఎవరూ అనరు. అనకూడదు కూడా. అదే న్యాయం మెక్‌డేవిడ్‌కీ ఉండాలి. ఆయిలర్స్‌తో అతని మొదటి పదేళ్ళలో కప్పు రాలేదు, 2025లో మళ్ళీ ఫైనల్‌కి వెళ్ళి మళ్ళీ ఫ్లోరిడా చేతిలోనే ఓడాడు, అవన్నీ బాధే. కానీ వరసలో అతన్ని వెనక్కి నెట్టడానికి అవి చాలవు.

పెద్ద ఆటలో నిలబడడు అనేవాళ్ళకు 2025 ఫిబ్రవరి 20 గుర్తుచేస్తాను. బోస్టన్‌లో నాలుగు దేశాల టోర్నీ ఫైనల్, అమెరికా మీద, ఓవర్‌టైమ్‌లో కెనడాని గెలిపించిన గోల్ మెక్‌డేవిడ్‌దే.

ఆ రోజు కెనడా కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ. నా లెక్కలో మూడో స్థానం క్రాస్బీది. మూడు కప్పులున్నాయని కాదు. 2005లో లీగ్‌లోకి వచ్చాడు, 2025 దాకా 20 సీజన్లు, ఒక్క సీజన్‌లో కూడా సగటున ఆటకు ఒక పాయింటుకు తగ్గలేదు. ఇరవై సీజన్లు! గ్రెట్స్‌కీకే అది 19 దగ్గర ఆగింది. దెబ్బలు తగిలాయి, తలకు తగిలిన దెబ్బతో నెలలకు నెలలు ఆటకు దూరమయ్యాడు, అయినా తిరిగొచ్చి అంతే ఆడాడు. ఈ ఒక్కచోట మెక్‌డేవిడ్ వెనకబడ్డాడు, అది అతని తప్పు కాదు, అతను పుట్టింది 1997లో, ఇంకా అన్నేళ్ళు గడవలేదు, అంతే. అతనికి తక్కువైంది కప్పు కాదు, ఏళ్ళు. కాబట్టి నా వరస ఇది: గ్రెట్స్‌కీ, లెమ్యూ, క్రాస్బీ, మెక్‌డేవిడ్. ఇదే ఆట ఇంకో ఐదారేళ్ళు ఆడితే క్రాస్బీ పక్కన నిలబెడతాను, కప్పు వచ్చినా రాకపోయినా.

మాంట్రియల్ అభిమానులు జాన్ బెలివోని మర్చిపోయావా అంటారు. మర్చిపోలేదు. ఆటగాడిగా పది కప్పులు, ఎంతో హుందా అయిన మనిషి. కానీ ఆయన ఆడిన ఏళ్ళలో చాలావరకు, 1967 దాకా, లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. ఇప్పుడు 32. ఆ పదినీ ఇప్పటి కప్పులతో ఎలా తూచాలి? అందుకే ఆయన్ని ఐదో స్థానంలో పెట్టాను, ఎంతో గౌరవంతో.

ఇంతసేపూ అంకెలు చెప్పాను. మీలో ఎవరికైనా చూడాలనిపిస్తే ఒక్క పని చేయండి. ఎడ్మంటన్‌లో రాత్రి ఆట అంటే మనకు తెల్లారాక, ఆరున్నర ఏడున్నర మధ్య మొదలవుతుంది, కాబట్టి నిద్ర మానుకోనక్కర్లేదు. కొత్తగా చూసేవాళ్ళకు పక్ కనిపించదు, ఎక్కడుందో వెతుక్కునేలోపే గోల్ అయిపోతుంది, విసుగొచ్చి టీవీ కట్టేస్తారు. అందుకే పక్‌ని వదిలేయండి. 97 నంబరు చొక్కాని చూడండి. ఆటగాళ్ళు ముప్పావు నిమిషం ఆడి బెంచికి వెళ్ళిపోతారు, మళ్ళీ వస్తారు. అతను మంచు మీదికి దిగిన దగ్గర్నుంచి బెంచి ఎక్కేదాకా, పక్ ఎటు పోయినా సరే, 97 మీదే చూపు పెట్టండి. మొదట తన గోల్ దగ్గరే తచ్చాడుతుంటాడు, కాపలావాళ్ళకు సాయంగా. పక్ వాళ్ళకు దొరకగానే గుండ్రంగా ఒక మలుపు తిరుగుతాడు. అక్కడ అతని కాళ్ళు చూడండి. మామూలు ఆటగాడు మలుపులో వేగం తగ్గిస్తాడు, ఇతను ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేసుకుంటూ మలుపులోనే వేగం పెంచుతాడు. పాస్ అందేసరికే పూర్తి వేగంలో ఉంటాడు, ఎదుటివాళ్ళు అప్పటికింకా వెనక్కి జారుతూ ఉంటారు. 2017, 18, 19, మూడేళ్ళు వరుసగా ఆల్‌స్టార్ పోటీల్లో అందరికంటే వేగంగా స్కేట్ చేసింది అతనే, ఆ వేగం పుట్టేది ఆ మలుపులోనే. మూడు నాలుగు సార్లు అలా చూశాక పక్ దానంతటదే కనిపించడం మొదలవుతుంది, ఎందుకంటే అది ఎక్కడికి రాబోతోందో అతను ముందే వెళ్ళి ఉంటాడు.