రంగు చూడని కెమెరా కొనాలా?

అందరికీ నమస్కారం. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు మాత్రమే తీసే డిజిటల్ కెమెరా కొనాలా వద్దా అన్నది ఈ పూట విషయం. తేల్చి చెప్పమంటే మీలో ఎక్కువమందికి వద్దు. ఆ ముక్కతో ఆపేస్తే టీ తాగి ఇళ్లకు వెళ్లిపోవచ్చు గానీ, ఎందుకు వద్దో, మిగిలిన కొద్దిమందికి ఎందుకు కావాలో చెప్పాలంటే కొంచెం సెన్సర్ లోపలికి వెళ్లాలి. లెక్కలు తక్కువే, భయపడకండి.

మీ అందరి కెమెరాల్లోనూ బ్లాక్ అండ్ వైట్ మోడ్ ఉంది, ఫోన్లలోనూ ఉంది. అది మొదట రంగు ఫోటో తీసి తర్వాత రంగు పిండేసే పని. ఎందుకంటే సెన్సర్‌కు నిజానికి రంగు తెలీదు, ఎంత వెలుతురు పడిందో కొలవడమే దానికి తెలిసిన విద్య. అందుకని ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రంగు కళ్లద్దం పెట్టారు, కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి ఆకుపచ్చ, కొన్నిటికి నీలం. ఈ అమరిక కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌ది, 1976లో పేటెంట్ వచ్చింది, ఇప్పటికీ దాదాపు అన్ని కెమెరాల్లోనూ అదే నడుస్తోంది. ఇరవై నాలుగు మెగాపిక్సెల్ కెమెరా అంటే అందులో సుమారు కోటీ ఇరవై లక్షల పిక్సెల్స్ ఆకుపచ్చను, అరవై లక్షలు ఎరుపును, అరవై లక్షలు నీలాన్ని మాత్రమే చూస్తాయి. ప్రతి చుక్క దగ్గరా మిగతా రెండు రంగులూ పక్కవాళ్లను అడిగి వేసుకున్న అంచనాలే. అంటే మీ రంగు ఫోటోలో మూడింట రెండొంతుల సమాచారం సెన్సర్ కొలిచింది కాదు, సాఫ్ట్‌వేర్ ఊహించింది. చాలా బాగా ఊహిస్తుంది, అది వేరే సంగతి.

మోనోక్రోమ్, అంటే బ్లాక్ అండ్ వైట్ మాత్రమే తీసే కెమెరాలో ఆ రంగు పొర అసలు ఉండదు. ప్రతి పిక్సెల్ తన మీద పడిన వెలుతురంతా తనే కొలుస్తుంది. దాంతో అంచులు, నేత, వెంట్రుకలు, రాతి మీద ఉలి గీతలు ఇంకాస్త తేటగా వస్తాయి. ఆ రంగు పొర మింగే వెలుతురు మిగులుతుంది కాబట్టి దాదాపు ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, కలిసొస్తుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఏమిటంటే, వెలుతురు చాలక ఐఎస్ఓ, అంటే సెన్సర్ సంకేతాన్ని పెంచే అంకె, బాగా పెంచినప్పుడు ఫోటోలో లేచే నాయిస్ అనే చుక్కల్లో ఆ ఎర్రటి, ఆకుపచ్చటి మచ్చలు ఉండవు, సన్నటి ఇసుక చల్లినట్టు ఫిల్మ్ గ్రెయిన్‌కు దగ్గరగా ఉంటుంది. రామప్ప గుడి లోపల ఆ నున్నటి నల్లరాతి స్తంభాల మధ్య ట్రైపాడ్ లేకుండా, చేతిలోనే పట్టుకుని తీయాలంటే ఈ తేడా కంటికి తెలుస్తుంది. ఫోన్ తెర మీద చూస్తే మాత్రం తెలీదు, పెద్ద ప్రింట్ వేయాలి. మీరు ప్రింట్లు వేయరా? అయితే చర్చలో సగం ఇక్కడే అయిపోయింది.

ఇక పోయేవాటి సంగతి. రంగు సెన్సర్‌లో ఆకుపచ్చ చానల్ నిండిపోయి తెల్లగా కొట్టుకుపోయినా, ఎరుపులోనో నీలంలోనో కొంత సమాచారం మిగిలి ఉండొచ్చు, సెన్సర్ కొలిచింది కొలిచినట్టు దాచుకునే రా ఫైల్ తెరిచి, బాగా వెలుగున్న చోట్లను సరిచేసే హైలైట్స్ స్లయిడర్ లాగితే మబ్బులు తిరిగి వచ్చేది అందుకే. మోనోక్రోమ్‌లో ఉన్నది ఒకే చానల్. నిండిందంటే అక్కడ తెల్లకాగితమే, దేవుడు దిగొచ్చినా తిరిగి రాదు. మన ఎండలు, మన బట్టలు, మన చర్మం రంగు ఒకసారి తలుచుకోండి. మే నెల మిట్టమధ్యాహ్నం తెల్ల పంచె, తెల్ల తలపాగా కట్టుకున్న నల్లటి మనిషి పొలం గట్టు మీద నిలబడితే, మొహానికి ఎక్స్‌పోజర్ పెట్టారా, పంచె మడతలన్నీ మాయం. కాబట్టి తలపాగాకే పెట్టి, మొహాన్ని తర్వాత చీకట్లోంచి పైకి లాగాలి. ఈ సెన్సర్లు నీడల్లో చాలా ఓర్చుకుంటాయి కాబట్టి పని జరుగుతుంది గానీ, వెలుతురు కొలిచి చెప్పే కెమెరా మీటర్‌ను గుడ్డిగా నమ్మే అలవాటు ఉన్నవాళ్లు మొదట్లో బాగా ఇబ్బంది పడతారు.

ఇంతవరకూ చెప్పింది ఏ రివ్యూలో చూసినా దొరుకుతుంది. నా లెక్కలో అసలు విషయం వేరే ఉంది, దానికి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్దాం. ఎర్ర మిరపకాయల కుప్ప, దాని పక్కన ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక ఆడమనిషి. రంగులో అదిరిపోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ ఎరుపూ ఆ పచ్చా ఒకే బూడిద రంగుగా వచ్చి, చీర వెళ్లి మిర్చి కుప్పలో కలిసిపోయే అవకాశం చాలా ఉంది. రంగు కెమెరాతో తీసి ఉంటే ఇంటికొచ్చి, కాఫీ పెట్టుకుని, ఎరుపు స్లయిడర్ కిందికో పైకో జరిపి రెండిటినీ విడదీస్తారు. నచ్చకపోతే మళ్లీ వెనక్కి. మోనోక్రోమ్ ఫైల్‌లో ఆ స్లయిడరే ఉండదు. విడదీయాలంటే షటర్ నొక్కకముందే లెన్స్ మీద రంగు గాజు ఫిల్టర్ బిగించాలి. ఎర్ర ఫిల్టర్ పెడితే మిర్చి వెలుగుతుంది, చీర నల్లబడుతుంది. ఆకుపచ్చ పెడితే తిరగబడుతుంది. ఏది కావాలో అక్కడే, ఆ ఎండలో, ఆ ఘాటుకు తుమ్ముకుంటూ తేల్చుకోవాలి.

బొట్టు విషయం ఇంకా బాగుంటుంది. ఎర్ర ఫిల్టర్‌తో మొహం తేటగా వస్తుంది, మచ్చలు తగ్గుతాయి, దాంతోపాటే నుదుట కుంకుమ కూడా చర్మంలో కలిసి దాదాపు మాయమైపోతుంది. అమ్మమ్మ పోర్ట్రెయిట్ బొట్టు లేకుండా ఇంటికి తీసుకెళ్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అదే ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే బొట్టు కాటుకలా నల్లగా నిలబడుతుంది, కానీ చర్మం ఒక మెట్టు ముదురుతుంది, ముడతలన్నీ పైకి తేలతాయి. పసుపు రాసిన పాదాలు నీలం ఫిల్టర్‌లో నల్లబడతాయి, పసుపు ఫిల్టర్‌లో తెల్లబడతాయి. మన ఇళ్లలో, గుళ్లలో, సంతల్లో ఇంత రంగు ఉంటుంది కాబట్టి ఏ రంగు ఏ బూడిదగా మారుతుందో ముందే ఊహించడం మనకు కొంచెం ఎక్కువ పని. పొగమంచులో రాళ్లూ చెట్లూ తీసుకునేవాళ్లకు ఈ టెన్షన్ లేదు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ కాలం నాటి గాజు ప్లేట్లకు ఎక్కువగా నీలం వెలుతురే తెలిసేది, ఎరుపు దాదాపు తెలిసేది కాదు. అందుకే ఆ రోజుల ఫోటోల్లో చాలావాటిలో ఆకాశం ఖాళీ తెలుపు, ఎర్రటి వస్త్రం కటిక నలుపు. అన్ని రంగులకూ స్పందించే ప్లేట్లు మార్కెట్లోకి వచ్చింది 1906లో. ఆ తర్వాత కూడా బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో సెట్టుకు ఏ రంగు వేయాలి, హీరోయిన్‌కు ఏ చీర కట్టాలి అన్నది తెర మీద ఎలా కనిపిస్తుందో చూసుకునే నిర్ణయించేవారు. మాయాబజార్ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను ఇప్పటికీ తలుచుకుంటున్నామంటే ఆ పనంతా షూటింగ్‌కు ముందే జరిగింది కాబట్టి. మోనోక్రోమ్ కెమెరా కొనడమంటే ఆ పద్ధతికి వెళ్లడం. నిర్ణయం కంప్యూటర్ ముందు నుంచి లేచి లెన్స్ ముందుకు వస్తుంది. అది మీకు సుఖంగా ఉంటుందా, చిరాకుగా ఉంటుందా అన్నదే ప్రశ్న, మెగాపిక్సెల్స్ కాదు.

సరే, స్లయిడర్‌తో ఇంట్లో అయ్యే పనికి గాజు ముక్కలు మోయడమెందుకు అంటారా? దానికో జవాబుంది. ఆకాశం నల్లబడాలని నీలం స్లయిడర్‌ను బాగా కిందికి లాగి చూడండి, ఆకాశమంతా నాయిస్ లేస్తుంది, కొండ అంచు వెంట తెల్లటి గీత కనపడుతుంది. అది ఊహించిన రంగును సాగదీయడం వల్ల వచ్చేది. పోనీ రంగు కెమెరాకే ఎర్ర ఫిల్టర్ బిగిద్దామంటే, అప్పుడు ఎరుపు చూసే పిక్సెల్స్ మాత్రమే సరిగా పనిచేస్తాయి, అంటే నాలుగింట మూడొంతులు దాదాపు పడుకున్నట్టే. మోనోక్రోమ్ సెన్సర్ మీద అదే ఫిల్టర్ పెడితే అన్నీ పనిచేస్తాయి. ఈ కెమెరాల గొప్పతనం నిజంగా బయటపడేది ఇక్కడే, కానీ ఫిల్టర్ల ఊసెత్తకుండా కొనేసేవాళ్లే ఎక్కువ. అయితే వెలుతురు లెక్క కూడా చెప్పాలి కదా. పసుపు ఫిల్టర్ సుమారు ఒక స్టాప్ తింటుంది, నారింజ రెండు, ముదురు ఎరుపు మూడు. సెన్సర్ మనకు మిగిల్చిన ఒక స్టాప్ పసుపుతోనే సరి. చీకట్లో ఫిల్టర్ తీసెయ్యండి, ఎండలో పెట్టుకోండి, అంతే.

ధరలకు వస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. మోనోక్రోమ్ డిజిటల్ పాతదే, 1991లో కోడాక్ తెచ్చిన మొదటి డీసీఎస్ డిజిటల్ కెమెరాలోనే ఆ రకం ఉండేది. కానీ మామూలు జనం నోళ్లలో నానింది 2012లో లైకా ఎమ్ మోనోక్రోమ్ వచ్చాకే, పద్దెనిమిది మెగాపిక్సెల్స్, ధర ఎనిమిది వేల డాలర్లకు కాస్త తక్కువ. 2023లో వచ్చిన ఎమ్11 మోనోక్రోమ్ అరవై మెగాపిక్సెల్స్, వచ్చినప్పుడు ధర 9,195 డాలర్లు, లెన్స్ కాదు, ఉత్త బాడీ. అప్పటి లెక్కలో మన డబ్బుల్లో ఏడున్నర లక్షల పైమాటే, మన పన్నులు కలపకముందే. అదే ఏడాది పెంటాక్స్ కే-3 మార్క్ త్రీ మోనోక్రోమ్ 2,199 డాలర్లకు వచ్చినప్పుడు మనలాంటి వాళ్లకు ఊపిరి ఆడింది, అయినా అప్పటి లెక్కలో లక్షా ఎనభై వేలు అనుకోండి. ఆపైన సర్వీస్ ఎక్కడ, పాడైతే ఎన్ని నెలలు, అన్నది కొనేముందే కనుక్కోవాలి. అమెరికాలో ఉన్న తమ్ముడితోనో మరదలితోనో తెప్పించుకునేవాళ్లు వారంటీ ఇక్కడ చెల్లుతుందా అని రెండుసార్లు అడగండి.

సెకండ్ హ్యాండ్‌లో ఆ 2012 లైకా కనపడితే ఆవేశపడొద్దు. దాని సెన్సర్ మీది గాజు పొర తుప్పులా పాడయ్యే సమస్య అందరికీ తెలిసిందే, కంపెనీ చాలావాటికి సెన్సర్ మార్చి ఇచ్చింది. మీరు కొంటున్న దానికి మార్చారా లేదా అన్న కాగితం చూడకుండా డబ్బు చేతికివ్వకండి. ఇంకొందరు పాత రంగు కెమెరా సెన్సర్ మీద పొర గీకించి మోనోక్రోమ్‌గా మార్పిస్తారు. గీకేటప్పుడు రంగు పొరతోపాటు వెలుతురును పిక్సెల్‌లోకి పోగుచేసే సూక్ష్మ లెన్సులు కూడా పోతాయి కాబట్టి అనుకున్నంత వెలుతురు కలిసిరాదు. సరదాకైతే సరే.

"రంగు లేకపోతే చూపే మారిపోతుందండీ" అని అమ్మేవాళ్లు, కొన్నవాళ్లు కూడా చెబుతారు. సగమే నిజం. ఎందుకంటే లైకా ఎమ్‌లో చూసేది ఆప్టికల్ వ్యూఫైండర్, పెంటాక్స్‌లో అద్దం, రెండిట్లోనూ కంటికి కనపడేది రంగుల లోకమే. అదే యాభై, అరవై వేల మిర్రర్‌లెస్‌ను, అంటే అద్దం లేకుండా వ్యూఫైండర్‌లో చిన్న తెర ఉండే కెమెరాను, బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో పెడితే వ్యూఫైండర్‌లోనే నలుపు తెలుపు కనపడుతుంది. చూపు మార్చుకోవడమే మీ కోరికైతే అది ఆ చవక కెమెరాలోనే బాగా కుదురుతుంది. కొత్త ఫ్యూజీ కెమెరాలు వాడేవాళ్లకైతే ఏక్రాస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ను అనుకరించే సిమ్యులేషన్ ఉంది, అందులో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఫిల్టర్ల ప్రభావం కూడా కెమెరాలోనే ఇస్తారు.

పెళ్లిళ్లు తీసి బతికేవాళ్లు ఈ కెమెరా జోలికి వెళ్లొద్దు. పెళ్లికూతురి తల్లి పట్టుచీర అంచు రంగు అడుగుతుంది, మీ దగ్గర ఏ రంగూ ఉండదు. బతుకమ్మను బూడిద రంగులో తీసి తంగేడు పూలను అవమానించడం కూడా నాకు ఇష్టం లేదు. ఇంట్లో ఒకే కెమెరా ఉండి, పిల్లల పుట్టినరోజులూ దానితోనే తీయాలంటే వద్దు. ఇప్పటికే తీసేవాటిలో ముప్పాతిక వంతు బ్లాక్ అండ్ వైట్ అవుతూ, వాటిని ప్రింట్ వేసి గోడకు పెడుతూ, రంగు కోసం ఇంకో కెమెరా చేతిలో ఉండి, అప్పు చేయకుండా కొనగలిగితే కొనండి, నేనే షాపుకు తోడొస్తాను.

అనుమానంగా ఉన్నవాళ్లు ముందు ఇలా చేయండి. మీ కెమెరాలో రా ఆపేసి, జేపెగ్ మాత్రమే, అదీ బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి ఒక నెల తిరగండి. వెనక దాక్కున్న రంగు ఫైల్ ఉండకూడదు, అదే ముఖ్యం. హైలైట్స్ కాలకుండా ఒక స్టాప్ తగ్గించి తీయండి. నెలాఖరుకు "అయ్యో, ఇది రంగులో ఉంటే" అని ఎన్నిసార్లు అనుకున్నారో మీకే తెలుస్తుంది. అనుకోలేదా, అప్పుడు మొదట కెమెరా కాదు, ఒక నారింజ ఫిల్టర్ కొనండి. పసుపు మరీ మెత్తన, ఎరుపు మరీ మొరటు, మన ఎండకు నారింజ సరిపోతుంది. మీ లెన్సుల్లో పెద్ద సైజుకు ఒక్కటి కొని, మిగతావాటికి స్టెప్ అప్ రింగులు వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఫిల్టర్ పెట్టాక ఫోకస్ మళ్లీ చూసుకోండి, కొన్ని పాత లెన్సులతో ముదురు రంగుల్లో కొంచెం జరుగుతుంది.

రెండు ఫిల్టర్లు సంచిలో తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. బయట ఎండ ఉండగానే మీ కెమెరాల మీద పెట్టి చూడండి, ప్రశ్నలు ఆ తర్వాత అడగొచ్చు.