ఇంట్లో వర్చువల్ పిన్‌బాల్ పెట్టె: ముందు సాఫ్ట్‌వేర్, తర్వాతే ప్లైవుడ్

నమస్కారం. వాలు బల్ల మీద దొర్లే ఉక్కు బంతిని ఫ్లిప్పర్లనే చిన్న తెడ్లతో కొడుతూ, అది కింద పడిపోకుండా పాయింట్లు సంపాదించే ఆట పిన్‌బాల్. నా పక్కన ఉన్న ఈ పెట్టెలో ఉక్కు బంతి లేదు. ఆట బల్ల ఉండవలసిన చోట 43 అంగుళాల టీవీ వెల్లకిలా పడుకొని ఉంది, దాని కింద ఒక కంప్యూటర్ ఉంది. అయితే పక్కల ఉన్న ఫ్లిప్పర్ బొత్తాములు, ముందున్న, బంతిని ఆటలోకి తోసే స్ప్రింగు ప్లంజర్, నాలుగు ఇనుప కాళ్లు, పైన నిలబడిన, స్కోరు చూపే బ్యాక్‌బాక్స్ మాత్రం అసలు పిన్‌బాల్ యంత్రంలో ఉన్నట్టే ఉన్నాయి. హైదరాబాదులోని మా ఇంట్లో ఏడు నెలల ఆదివారాలు వెచ్చించి దీన్ని కట్టాను. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాను, ఎందుకు ఎంచుకున్నాను, కట్టేటప్పుడు ఏ తప్పులు చేశాను అన్నది ఈ వీడియోలో చెబుతాను.

అసలు యంత్రమే కొనుక్కోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. బ్రయన్ ఎడ్డీ రూపొందించగా 1997లో విలియమ్స్ సంస్థ విడుదల చేసిన మెడీవల్ మ్యాడ్‌నెస్ యంత్రాలు అప్పట్లో తయారైనవి సుమారు 4,000 మాత్రమే. రెండేళ్లకు, 1999లో, ఆ సంస్థ పిన్‌బాల్ తయారీనే మానుకుంది. వంద కిలోలకు పైగా బరువుండే అలాంటి యంత్రాన్ని ఓడలో తెప్పించుకొని, ఫ్లిప్పర్ల వంటివాటిని కదిలించే కాయిల్ (తీగచుట్ట) కాలిపోయినప్పుడల్లా విడిభాగం కోసం విదేశాల వైపు చూడటం మనలో చాలామందికి సాధ్యమయ్యే పని కాదు. ఒకే పెట్టెలో వందల టేబుళ్లు, అంటే వేర్వేరు పిన్‌బాల్ ఆటలు, ఆడుకోగలగడం ఆ తర్వాత వచ్చే సౌకర్యం.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతికి వద్దాం. నా మొదటి ఎంపిక విజువల్ పిన్‌బాల్. రాండీ డేవిస్ 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం ఇప్పుడు ఉచితం, సోర్సు కూడా అందరికీ అందుబాటులో ఉంది; నడుస్తున్నది పదో తరం (రోమన్ అంకెల్లో ఎక్స్) కాబట్టి దీన్ని వీపీఎక్స్ అని పిలుస్తారు. దీనితో కలిసి పనిచేసే వీపిన్‌మేమ్ అనే మరో ప్రోగ్రాం, అసలు యంత్రంలోని రోమ్ చిప్పులో ఉన్న కోడ్‌నే కంప్యూటర్ మీద నడుపుతుంది. అంటే ఏ లక్ష్యాన్ని కొడితే ఎన్ని పాయింట్లు రావాలి, ఏ దీపం ఎప్పుడు వెలగాలి, చిన్న తెర మీద ఏ బొమ్మ కదలాలి అన్నవి ఆనాటి ఇంజనీర్లు రాసిన కోడే నిర్ణయిస్తుంది. బంతి దొర్లడం, రబ్బరుకు తగిలి ఎగరడం, ఫ్లిప్పర్ బలం వంటివి వీపీఎక్స్ లెక్కగడుతుంది. ఈ పని విభజన వల్లనే, పాత యంత్రం నియమాలను ఎవరో గుర్తు తెచ్చుకొని మళ్లీ రాసినట్టు కాకుండా, ఆ యంత్రంతోనే ఆడుతున్నట్టు ఉంటుంది.

దీనికి ఓపిక కావాలి. ఒక్కో టేబుల్‌కు టేబుల్ ఫైలు, బ్యాక్‌గ్లాస్ (బ్యాక్‌బాక్స్ ముందు కనిపించే బొమ్మ) ఫైలు, రోమ్ ఫైలు వేర్వేరుగా ఉంటాయి. రోమ్ జిప్ ఫైలును విప్పకూడదు, దాని పేరును మార్చకూడదు. ఆ రోమ్‌ల మీద హక్కులు వాటి యజమానులవే అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. టేబుళ్ల స్క్రిప్టులన్నీ వీబీస్క్రిప్ట్‌లో ఉన్నాయి. ఆ భాషను విండోస్ నుంచి క్రమంగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించినప్పుడు నాకు నిజంగానే ఆందోళన కలిగింది. కానీ విండోస్ లేకుండా లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్‌ల మీద కూడా నడిచే రూపాన్ని అభివృద్ధి బృందం సిద్ధం చేసింది కాబట్టి ఇన్నేళ్ల శ్రమ వృథా కాదన్న ధైర్యం నాకు ఉంది.

బుడాపెస్ట్‌కు చెందిన జెన్ స్టూడియోస్ వారి పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ రెండో దారి. టేబుళ్లను డబ్బు పెట్టి కొనాలి, కానీ విలియమ్స్ టేబుళ్లు లైసెన్సుతో వస్తాయి, పెట్టెల కోసం క్యాబినెట్ మోడ్ ఉంది, సెట్టింగుల తలనొప్పి తక్కువ. ఇంట్లో పిల్లలు కూర్చొని వెంటనే ఆడాలంటే దీన్నే పెట్టండి. బంతి నడక మాత్రం నాకు కొంచెం తేలికగా అనిపిస్తుంది. ఫ్యూచర్ పిన్‌బాల్ చాలా ఏళ్లుగా ఆగిపోయిన ప్రోగ్రాం. బ్యామ్ అనే జోడింపు దానికి ఊపిరి పోసింది గానీ, కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సిఫారసు చేయను.

సాఫ్ట్‌వేర్ ముందే తేల్చుకోమని ఎందుకు అంటున్నానంటే, ఎన్ని తెరలు కావాలి, కంప్యూటర్‌కు ఎంత శక్తి ఉండాలి, బొత్తాములను కంప్యూటర్‌కు కలిపే కంట్రోలర్ బోర్డు ఏది తీసుకోవాలి అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఆ తర్వాత టీవీ కొనండి, టీవీ చేతికొచ్చాకే వడ్రంగిని పిలవండి. నేను ఈ వరుస తప్పాను. మామూలు విలియమ్స్ పెట్టె లోపలి వెడల్పు 20.5 అంగుళాలు, ఆ కొలతతోనే 19 ఎం.ఎం. ప్లైవుడ్ కోయించేశాను. 43 అంగుళాల టీవీని నిలువుగా తిప్పితే వెలిగే భాగం వెడల్పే దాదాపు 21 అంగుళాలు, దానికి అంచులు కలుపుకోవాలి. అది లోపల పట్టలేదు. ముందు పలక, వెనుక పలక, అడుగు పలక పారేసి, వైడ్‌బాడీ కొలతతో, అంటే లోపల 23.25 అంగుళాలతో మళ్లీ కోయించవలసి వచ్చింది.

టీవీ విషయంలో రంగుల కన్నా ఆలస్యం ముఖ్యం. బంతి సెకనుకు 2 మీటర్ల వేగంతో కిందికి వస్తోందనుకోండి. బొత్తాం నొక్కిన తర్వాత బొమ్మ 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా కదిలితే ఆ వ్యవధిలో బంతి 10 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఫ్లిప్పర్ పొడవే 8 సెంటీమీటర్ల లోపు. అంటే మీరు సరైన క్షణంలో నొక్కినా బంతి చేజారుతుంది, తప్పు మీదే అనిపిస్తుంది. అందుకే టీవీలో ఈ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ తప్పనిసరి, వీలైతే 120 హెర్ట్జ్ తెర తీసుకోండి. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 120లో అది 8.3కి తగ్గుతుంది. ఈ తేడా కంటికి కాదు, వేలికి తెలుస్తుంది.

ఖర్చు పెట్టవలసిన రెండో చోటు పెట్టె కంపించే తీరు. 7.1 సౌండ్ కార్డు తీసుకొని, సంగీతాన్ని బ్యాక్‌బాక్స్ స్పీకర్లకు పంపి, మిగిలిన చానెళ్లను పెట్టె నాలుగు మూలల లోపల బిగించిన ఎక్సైటర్లకు ఇచ్చాను. ఎక్సైటర్ అంటే కోను లేని స్పీకర్, అది చెక్కనే మోగిస్తుంది. బంతి ఎడమ పక్క నుంచి దొర్లుతుంటే ఆ గరగర ఎడమ అరచేతికి తగులుతుంది. ఇది అమర్చిన రాత్రి, అంతకు ముందు నెలరోజులుగా ఆడుతున్న టేబులే కొత్తదిగా అనిపించి, రెండు గంటలు కదలకుండా ఆడాను. గ్రాఫిక్స్ కార్డుకు అదనంగా పెట్టాలనుకున్న డబ్బును దీనికి మళ్లించండి.

బొత్తాములకు, ప్లంజర్‌కు, పెట్టెను చేత్తో నెట్టడాన్ని గుర్తించేందుకు పిన్‌స్కేప్ అనే ఉచిత ఫర్మ్‌వేర్‌ను (బోర్డులోనే నడిచే ప్రోగ్రాం) కేఎల్25జెడ్ అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద వాడాను. కదలికను పసిగట్టే యాక్సెలరోమీటర్ ఆ బోర్డు మీదే ఉంటుంది. ఆ బోర్డు దొరకకపోతే రాస్ప్‌బెర్రీ పై పికోకు కూడా పిన్‌స్కేప్ ఉంది. స్కోరు తెర కోసం ప్రత్యేక యంత్రం దిగుమతి చేసుకోనక్కరలేదు. అంగడి బోర్డులకు వాడే పీ2.5 ఎల్ఈడీ ప్యానెళ్లు, ఒక్కొక్కటి 64 బై 32 చుక్కలవి రెండు పక్కపక్కన పెడితే, అసలు యంత్రాల్లోని 128 బై 32 తెర తయారవుతుంది. మావి కోఠిలో కొన్నాను.

ఠక్కుమని కొట్టే సోలినాయిడ్లు (కాయిల్ పరికరాలు), పెట్టెను కుదిపే షేకర్ మోటారు పెట్టేవారు ఒక్క మాట శ్రద్ధగా వినండి. ప్రతి కాయిల్‌కు ఎదురు దిశలో ఒక డయోడ్ ఉండాలి. కరెంటు ఆగిన క్షణంలో కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీ, బోర్డులోని ట్రాన్సిస్టర్‌ను చంపేస్తుంది. ఒక్క కాయిల్‌కు నేను మరచిపోయాను, ఒక బోర్డు పోయింది. అలాగే మెటల్ కాయిన్ డోరుకు, ప్లంజర్ ప్లేటుకు ఎర్తింగ్ తీగ కలపండి. 230 వోల్టుల సరఫరా ఉన్న పెట్టెను పిల్లలు రెండు చేతులతో పట్టుకొని ఆడతారు.

చివరగా మెనూ. టేబుళ్లను ఎంచుకోవడానికి పిన్అప్ పాపర్ వాడుతున్నాను, కానీ మొదటి నెల దాన్ని పెట్టకండి. ఒకే ఒక్క టేబుల్‌ను వీపీఎక్స్‌లో నేరుగా తెరిచి, ఆట తెరను విండోస్‌లో ప్రధాన తెరగా ఉంచి, ప్లంజర్‌ను సగం లాగి వదిలినప్పుడు బంతి సగం బలంతోనే వెళ్లే వరకు సరిచేసుకోండి. ఇప్పుడు కెమెరాను గాజు మీదికి తెస్తున్నాను, ప్లంజర్ శబ్దం వినండి.