నెల్లూరులో ఐరన్ మ్యాన్‌కు వెలుగు: బొమ్మలో ఏ సెల్లు వేయాలి?

అందరికీ నమస్కారం. సెలవులకు న్యూజెర్సీ నుంచి నెల్లూరు వచ్చి, మాగుంట లేఔట్‌లో అన్నయ్యావాళ్ళ ఇంట్లో ఉన్నాను. మీరిప్పుడు చూస్తున్నది మా మేనల్లుడి కోసం తెచ్చిన ఐరన్ మ్యాన్ బొమ్మ. హాంకాంగ్‌కు చెందిన హాట్ టాయ్స్ సంస్థ మనిషి కొలతలో ఆరో వంతుకు, అంటే సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తుకు, తయారుచేసినది. దీని కళ్ళలో, రొమ్ము నడుమ, అరచేతుల్లో ఎల్‌ఈడీలు ఉన్నాయి. ఇలాంటి బొమ్మలు సేకరించేవాళ్ళు రంగు గురించీ కీళ్ళ గురించీ ఎంతసేపైనా మాట్లాడతారు గాని, ఆ దీపాలకు కరెంటు ఎక్కడినుంచి రావాలన్న సంగతి చివరికి వదిలేస్తారు. నా దృష్టిలో వెలగని ఐరన్ మ్యాన్ సగం బొమ్మే. కాబట్టి ఈరోజు ఆ ఒక్క విషయమే వివరంగా చెబుతాను.

ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి రెండు వోల్టులు సరిపోతాయి. తెలుపు, నీలం ఎల్‌ఈడీలకు మాత్రం దాదాపు మూడు వోల్టులు కావాలి. బటన్ సెల్లు ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టే ఇస్తుంది కనుక, బొమ్మ తలలోని చిన్న అరలో రెండు మూడు సెల్లులు ఒకదానిపై ఒకటి పేర్చవలసి వస్తుంది. బజారులో ఏజీ అక్షరాలతో అట్టమీద వరుసగా అంటించి అమ్మేవి ఆల్కలైన్ సెల్లులు. వాటి వోల్టేజి వాడుతున్నకొద్దీ క్రమంగా దిగిపోతుంది. మూడు వోల్టుల అంచున వెలిగే తెల్ల దీపానికి ఆ కొద్దిపాటి తగ్గుదల కూడా పెద్దదే. అందువల్ల సెల్లులో ఇంకా శక్తి మిగిలి ఉండగానే కళ్ళు మసకబారతాయి. సిల్వర్ ఆక్సైడ్ సెల్లు అలా కాదు, దాదాపు చివరిదాకా 1.55 వోల్టుల దగ్గరే నిలకడగా ఉంటుంది.

ఈ మంచి సెల్లుల కోసం బొమ్మల దుకాణానికి వెళ్ళనక్కరలేదు, వాచీలు బాగుచేసేవాళ్ళ దగ్గరే దొరుకుతాయి. నిన్న చిన్నబజారులో ఒక వాచీల దుకాణానికి వెళ్ళి నంబరు చెప్పగానే, అక్కడి పెద్దాయన "వాచీకా తల్లీ, బొమ్మకా?" అని అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే. వాచీకి చాలా తక్కువ కరెంటు చాలు, దీపానికి ఎక్కువ కావాలి, అందుకే ఒకే కొలతలో రెండు రకాలు వస్తాయి. బొమ్మ మీద ఏజీ 3 లేదా ఎల్‌ఆర్ 41 అని ఉంటే, 384 కాకుండా 392 అడగండి. ఏజీ 13 లేదా ఎల్‌ఆర్ 44 అని ఉంటే, 303 కాకుండా 357 అడగండి. ఏజీ 1 స్థానంలో 364 సరిపోతుంది, ఇంకా బలంగా వెలగాలంటే అదే కొలతలో 363 ఉంది. ధర ఎక్కువే అయినా ఆ ఖర్చు పెట్టదగినదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఎందుకంటే ఆల్కలైన్ సెల్లుతో వచ్చే అసలు నష్టం మసక వెలుగు కాదు, కారడం. రోహిణి కార్తెలో మన ఊరి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి సెల్లు త్వరగా పాడవుతుంది. లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి వచ్చి, గాలి తగిలి తెల్లని పొడిగా మారి, సెల్లుకు ఆనుకుని ఉండే రేకు ముక్కలను తినేస్తుంది. అన్నయ్య స్నేహితుడి ఇంట్లో ఉన్న ఒక పాత బొమ్మలో అదే జరిగింది. దూదిపుల్లకు కొద్దిగా నిమ్మరసం అద్ది ఆ పొడిని తుడిచి, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడి లేకుండా చేస్తే మళ్ళీ వెలిగింది. తీగ దాకా తినేసి ఉంటే ఇంత తేలికగా కుదిరేది కాదు. ఏ రకం సెల్లైనా, బొమ్మను బీరువాలో పెట్టే ముందు తీసివేయడమే మంచిది.

రోజూ సాయంత్రం వెలిగించాలనుకునేవారికి యూఎస్‌బీ దారి ఉంది. సెల్లు ఆకారంలో ఒక డమ్మీ బిళ్ళను అరలో పెట్టి, దాని తీగను వీపు వెనుకనుంచి పీఠం కిందికి దించుతారు. అయితే యూఎస్‌బీ ఇచ్చేది ఐదు వోల్టులు. మూడు వోల్టుల బొమ్మకు దాన్ని నేరుగా కలిపితే దీపాలు మాడిపోతాయి కాబట్టి, మధ్యలో వోల్టేజిని తగ్గించే స్టెప్‌డౌన్ మాడ్యూల్ పెట్టి, మీటరుతో మూడు వోల్టులు చూసుకున్న తరువాతే కలపాలి. కొత్త రంధ్రం చేయవలసి వస్తే నేను ఒప్పుకోను, సెల్లులతోనే సరిపెట్టుకుంటాను.

ఇంట్లో పసిపిల్లలుంటే మరీ జాగ్రత్త. ఇలాంటి బొమ్మల్లో చాలావాటికి సెల్లు మూత చేత్తో లాగితే వచ్చేస్తుంది. మింగిన సెల్లు అన్నవాహికలో ఇరుక్కుంటే, ముఖ్యంగా 20 మిల్లీమీటర్ల లిథియం సెల్లు సీఆర్ 2032 లాంటిదైతే, రెండు గంటల్లోనే లోపలి గోడను తీవ్రంగా కాల్చగలదు. పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మా వదిన పాడైన సెల్లులను కూడా టేపు చుట్టి, తాళం వేసే సొరుగులోనే ఉంచుతోంది.

చెన్నై నుంచి తిరుగు విమానం ఎక్కేవారికి మరొక్క మాట. విడి లిథియం సెల్లులు విమానాశ్రయంలో అప్పగించే పెద్ద పెట్టెలో వేయకూడదు. ఒకదానికొకటి తగలకుండా ఒక్కొక్క సెల్లుకూ టేపు అంటించి, మీతో తీసుకువెళ్ళే చేతి సంచిలోనే పెట్టుకోండి.